మంచుకొండ మీద మరగతం

ఒర్లియంపేట, పుదుచ్చేరి
జూన్ 16

మరగతానికి,

క్షేమంగా దిగావని మీ వదిన యోగిత చెప్పింది. విమానంలో నీకు పెరుగన్నం దొరికిందో లేదో అని ఆమె దిగులు. నా దిగులు వేరు.

నీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తున్నాను. అవి నువ్వు మరిచిపోవాలనే కంపెనీ నిన్ను అంత దూరం పంపింది. ఏప్రిల్ తొమ్మిదిన ఇక్కడి మేట్టుపాళయంలో మీ గ్లౌజుల కంపెనీ జిగురు గదిలో శివగామి కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ ఘాటు బయటికి లాగే ఫ్యాను పెట్టేదాకా బ్రష్షు ముట్టమని గదిలోని పదకొండు మంది ఆడవాళ్ళూ లేచి నిలబడ్డారు. మర్నాడు వాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. తమంతట తామే పని మానేసి పోయారని కంపెనీ వాదన. ఫ్యాను మొదటి నుంచీ ఉందన్నది ఇంకో వాదన. ఫ్యాను లేదు. గోడకు కంత ఉంది. కంతలో అట్టముక్క కుక్కి ఉంది. ఈ మాట చెప్పగలిగి, ఇంకా లోపల ఉద్యోగంలో ఉన్న మనిషివి నువ్వొక్కదానివే, నీ కుట్టుమిషను ఆ గది వాకిలికి ఎదురుగా ఉంది గనుక.

లేబర్ ఆఫీసులో విచారణ ఆగస్టు ఇరవై ఎనిమిదిన. నిన్ను ఆస్ట్రేలియా మంచుకొండకు పంపింది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మంచులో జారి ఆడుకునేవాళ్ళకు పద్దెనిమిదేళ్ళుగా గ్లౌజులు కుడుతున్నావు. నీ చేతి పనితనాన్ని లోకానికి చూపించాలన్న కోరిక వాళ్ళకు సరిగ్గా ఈ మే నెలలోనే పుట్టింది. కళాపోషణ ఎంత సమయానికి మేలుకుంటుందో చూడు.

వద్దన్నాను. 'ఒకసారి చూసొస్తానన్నా, నేను కుట్టినవి యాడికి పోతాండాయో' అన్నావు. సరే, వెళ్ళావు. ఆ గ్లౌజులు కొనే పెద్దమనిషి, ఆ గ్రెగ్ అనేవాడు ఎదురుపడితే నోరు తెరువు. మీ హెచ్.ఆర్. వెట్రివేల్ ఏ కాగితం పంపినా సంతకం పెట్టకు. నీ ఒక్క సంతకంతో పదకొండు మంది కూడు పోతుంది.

ఫోనులో మాటలు వద్దు. నీ వెంట పంపిన సూపర్‌వైజర్ తమిళరసిది నీ పక్క మంచమే. నీ చేతిలో ఫోనూ కంపెనీదే. తమిళంలో రాస్తే చదువుతారు, ఇంగ్లీషులో రాస్తే ఇంకా శ్రద్ధగా చదువుతారు. కాగితం మీద తెలుగులో రాసి ఫోటో తీసి పంపు. మన భాష మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి వందమంది ఉన్నా, దాని అక్షరం చదివేవాడు కనబడడు. సమ్మె చేశానని సర్కారు నన్ను యానాం బదిలీ చేస్తే, నాలుగేళ్ళు అక్కడుండి అక్షరాలు నేర్చుకొచ్చి నీకు నేర్పాను. సర్కారు నాకు చేసిన మేలు అదొక్కటే, అదీ శిక్ష అనుకుని చేసింది.

అన్న,
నరేంద్రన్


విక్టోరియా కొండలు, ఆస్ట్రేలియా
జూన్ 29

నరేంద్రన్ అన్నకు,

పెరుగన్నం దొరకలేదని వదినకు చెప్పు. దొరికింది తిన్నాను.

ఇక్కడ జూన్‌లో చలికాలం. మంచు పడుతున్నా ఆకు రాలని చెట్లున్నాయి. దగ్గరికెళ్ళి వాసన చూస్తే మన తైలం చెట్లే. నీలగిరి తైలం సీసా ఎవరో మంచులో పాతిపెట్టినట్టుంది.

నా ఉద్యోగం ఏమిటో చెప్తాను. స్కీ సామాను అద్దెకిచ్చే పెద్ద కొట్టు. దాని ముందరి అద్దం వెనక కుట్టుమిషను వేసి నన్ను కూర్చోబెట్టారు. లోపల మూడు ఉన్ని బట్టలు, పైన కంపెనీ ఇచ్చిన పట్టుచీర. 'మీ చేతులను వెచ్చగా ఉంచే చేతులు ఇవే' అని బోర్డు. ఆ చేతులు మాత్రం చల్లగానే ఉంటాయి. గ్లౌజు తొడుక్కుని గ్లౌజు కుట్టలేం కదా. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. నేనూ చూస్తాను. రెండు రోజులకు, ఎవరు ఎవరిని చూడ్డానికి వచ్చారో మరిచిపోయాను.

కుట్టడం కన్నా చిరిగినవి బాగుచేయడమే ఎక్కువ. స్కీ వాళ్ళకు కాలికో పలక, చేతికో కర్ర. వాళ్ళ గ్లౌజు కర్ర ఒరుసుకుని బొటనవేలి సందులో చిరుగుతుంది. స్నోబోర్డు వాళ్ళకు రెండు కాళ్ళకూ కలిపి ఒకటే పలక, కర్రలుండవు. పడితే అరచేయి ఆన్చి లేస్తారు, మంచులో కూర్చునే పట్టీలు బిగిస్తారు. వాళ్ళవి అరచేతి దగ్గర అరుగుతాయి. పద్దెనిమిదేళ్ళలో ఈ తేడా నాకెవరూ చెప్పలేదు. చెప్పివుంటే అరచేతిలో ఇంకో వరస కుట్టు వేసివుండేదాన్ని.

నిన్న ఒకటి విప్పితే లోపల ఇంకుతో 7 అని ఉంది. జిగురు గదిలో ఏడో బల్ల, శివగామిది. పైతోలు చీలికలైపోయింది గాని ఆమె అంటించిన పొర గోరుతో గీకినా ఊడలేదు. చాలాసేపు దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల ఎవరో ఫోటో తీసుకున్నారు.

పెద్దమ్మ ఆరోగ్యం రాయి.

మరగతం


ఒర్లియంపేట
జూలై 8

మరగతానికి,

నీ ఉత్తరం మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. అమ్మకు వినికిడి ఎంత ఉందో నీకు తెలుసు. 'గట్టిగా సదువురా, నోట్లో మింగబాక' అని నాలుగుసార్లు ఆపింది. చీర కట్టి అద్దంలో కూర్చోబెట్టారన్న చోట నా గొంతు దానంతటదే లేచింది. మైకు లేకుండా నేను ఇంత బాగా మాట్లాడి చాలా రోజులైంది.

ఒక మంచి కబురు. మా మేడ మీద అద్దెకున్న కేశవ్, మీ కంపెనీ స్టోర్‌కీపర్, మెట్లు దిగి వచ్చి అమ్మ పక్కనే కూర్చుని మొత్తం విన్నాడు. ఏడో నంబరు దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. 'ఇంకోసారి సదువు అన్నా' అన్నాడు. చదివాను. ఇన్నేళ్ళుగా గేటు దగ్గర కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని పోయేవాడు. శ్రామికుడిలో చైతన్యం ఎక్కడ మొలకెత్తుతుందో చెప్పలేం. యోగితకు మాత్రం అతను నచ్చడు, కాఫీ గ్లాసు కడగకుండా పోతాడట. ఆడవాళ్ళు ఉద్యమాన్ని గ్లాసులతో కొలుస్తారు. ఈ వాక్యం మీ వదినకు చదివి వినిపించలేదు.

పలకల తేడాలు బాగున్నాయి. అయితే నువ్వు వెళ్ళింది పరిశోధనకు కాదు. అరచేతిలో ఇంకో వరస కుట్టు ఎవరి కోసం? దానికి నీ కూలి పెరుగుతుందా? మంచిపని చేయాలన్న ఆశే మన వర్గానికి ఉచ్చు.

నాలుగు పేజీల వాంగ్మూలం రాసి పంపుతున్నాను. ఫ్యాను లేదని, అట్టముక్క ఉందని, నీ కళ్ళతో చూశావని. సంతకం పెట్టి పంపు.

నరేంద్రన్


విక్టోరియా కొండలు
జూలై 27

అన్నకు,

నీ నాలుగు పేజీలు చేరాయి. అదే వారం వెట్రివేల్ సార్ ఒక పేజీ పంపాడు, ఫ్యాను ఎప్పుడూ ఉందని, నా కళ్ళతో చూశానని. రెండూ దిండు కింద ఉన్నాయి. నా కళ్ళకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు. ఎలా ఉన్నావని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. బాగున్నాను.

సోమవారాలు నాకు సెలవు. కొట్టు చూసుకునే బ్రెండా నన్ను స్కీ నేర్పే బడిలో వేసింది. నాకు నలభై ఒకటి, మా తరగతిలో అందరికీ ఐదారేళ్ళు. పలకల ముందు కొసలు దగ్గరికి తెస్తే ఆగుతాం, దూరం చేస్తే పోతాం. నేను మొదటి రోజు పద్నాలుగుసార్లు పడ్డాను. మూడో సోమవారం కొండ సగం నుంచి కింద దాకా పడకుండా వచ్చాను. అన్నా, ఆ ఒక్క నిమిషం నాకు సూపర్‌వైజర్ లేదు, షిఫ్టు లేదు, నువ్వు కూడా లేవు. కోపం తెచ్చుకోకు. తమిళరసి చలికి హీటరు వదిలి రాదు, అదొక అదృష్టం.

ఇక పని మాట. ఆగస్టు తొమ్మిదిన గ్రెగ్ వస్తున్నాడు, కొట్టు వాళ్ళందరికీ విందు. నన్ను అతని పక్కనే కూర్చోబెడతానని బ్రెండా మాటిచ్చింది. నా ఇంగ్లీషుకు నీ నాలుగు పేజీలు ఎక్కవు. మూడే మాటలు పెట్టుకున్నాను: నో ఫ్యాన్. హోల్. కార్డ్‌బోర్డ్. ఈ మూడూ అన్నాక అతను ఏమడిగినా బ్రెండా సాయం చేస్తుంది. ఇది ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు మాటలు బ్రెండాకు కూడా తెలియవు. నీకే రాస్తున్నాను.

మరగతం


ఒర్లియంపేట
ఆగస్టు 1

మరగతానికి,

కొండ దిగినందుకు కాదు, ఆ మూడు మాటలకు నిన్ను మెచ్చుకుంటున్నాను. చదివితే అమ్మకు అర్థం కాలేదని ఆ మూడూ మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది. చివరికి ఆమే 'హోలు, కార్డుబోర్డు' అని జపం మొదలుపెట్టింది. కేశవ్ అయితే కాఫీ చల్లారిపోయినా కదల్లేదు. విందు ఏ తేదీ అని రెండుసార్లు అడిగాడు. చెల్లెలి మీద అంత ఆదరం సొంత తమ్ముళ్ళకు కూడా ఉండదు.

తొమ్మిదో తేదీ కోసం కాచుకుని ఉంటాను.

నరేంద్రన్


విక్టోరియా కొండలు
ఆగస్టు 11

అన్నకు,

విందుకు నన్ను రానివ్వలేదు.

తొమ్మిదో తేదీ పొద్దున తమిళరసి నా ఎదుట నిలబడి, సాయంత్రం నువ్వు గది దాటొద్దు, ఒంట్లో బాగాలేదని చెప్తాను అంది. ఎందుకక్కా అని అడిగాను. 'ఏంది, నో ఫ్యాను, హోలు, కార్డుబోర్డా' అంది. అదే వరసలో. వెట్రివేల్ సార్ ఫోనులో చెప్పాడట. గ్రెగ్ నా కుర్చీ పక్కనే కూర్చుని తిని, ఆ రాత్రే మెల్‌బోర్న్ వెళ్ళిపోయాడని బ్రెండా తర్వాత చెప్పింది.

ఆ మాటలు నేను ఏ మనిషికీ చెప్పలేదు. కాగితానికి చెప్పాను. ఈ అక్షరాలు కంపెనీలో ఎవరికీ రావు. నీ మీద అనుమానం కాదు, ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఉత్తరం చదివేటప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?

మరగతం


ఒర్లియంపేట
ఆగస్టు 12

మరగతానికి,

ఎవరున్నారని నన్నా అడుగుతావు? ముప్పై ఏళ్ళుగా యూనియన్ రహస్యాలు కడుపులో దాచుకున్నవాణ్ణి. అక్కడ ఉన్నది అమ్మ, యోగిత, నేను, కేశవ్. అంతే. ఫోటో తీసినప్పుడు నువ్వే జాగ్రత్తగా లేవేమో. ఇప్పుడు యంత్రాలు ఏ లిపినైనా చదువుతాయంటారు, పెట్టుబడికి...

పై పేరా సగంలో ఉండగా యోగిత కాఫీ తెచ్చి, ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి అంది: 'కేశవుకు సదవను రాదు సరే. వినను కూడా రాదా?'

మరగతం, ఆ పేరా కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను. చదివి తిట్టుకో.

అక్షరం రాని ఇళ్ళలో ఉత్తరం చదవడమంటే వీధికి వినబడేలా చదవడమే. మా అమ్మ చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లో అదే రివాజు. తాళం నేనే వేశాను, తాళంచెవిని నేనే గొంతెత్తి పాడాను. వాడు ఏడో నంబరు దగ్గర కళ్ళు తుడుచుకుంటే చైతన్యం అనుకున్నాను. రేపు సాయంత్రం వాణ్ణి సామానుతో సహా మెట్ల కింద నిలబెడతాను. తెల్లారేసరికి ఒర్లియంపేట గోడలన్నిటి మీదా వాడి పేరుంటుంది. పదకొండు మందికీ ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు. మణియమ్మ నిన్న నెల్లితోపు మార్కెట్‌లో కనబడి, ఇళ్ళలో పాచిపనికి కుదిరానని చెప్పింది.

నరేంద్రన్


విక్టోరియా కొండలు
ఆగస్టు 13

అన్నకు,

ఇందులో రెండు కాగితాలున్నాయి. ఇది మొదటిది. నోటితో చదవొద్దు. పెదవులు కూడా కదపొద్దు.

కేశవును పంపించొద్దు. గోడ మీద ఒక్క ముక్క రాయొద్దు. రేపు సాయంత్రం వాడు డ్యూటీ దిగి వచ్చాక, కాఫీ ఇచ్చి, రెండో కాగితం పెద్దమ్మకు చదువు. ఎప్పటిలాగే గట్టిగా. అందులో ఉన్నదంతా అబద్ధం. నిన్న సోమవారం కాకపోయినా బ్రెండా గంటసేపు సెలవిస్తే, తీగకు వేలాడే కుర్చీలో కొండపైకి వెళ్ళాను. ఆ కుర్చీలో ఇద్దరే పడతారు, ఎనిమిది నిమిషాలు ఎవరూ వినరు. నా పక్కన కూర్చున్నది గ్రెగ్ కాదు, ఒక ముసలామె. దారి పొడుగునా తన మోకాలి ఆపరేషన్ చెప్పింది. గ్రెగ్ అయివుంటే ఏం జరిగేదా అని దిగేటప్పుడు ఆలోచించాను. అదే రాశాను.

వాళ్ళు గ్రెగ్‌ను అడిగి తెలుసుకుంటారేమో అని నువ్వంటావు. అడగలేరు. మా దగ్గరికి చెప్పకుండా వస్తున్నారట కదా అని అడిగితే, మీకెవరు చెప్పారని అతను అడుగుతాడు.

రెండో కాగితం:

నరేంద్రన్ అన్నకు, పెద్దమ్మకు. విందుకు పోలేకపోయినా దేవుడు మేలు చేశాడు. గ్రెగ్ మళ్ళీ వచ్చాడు. కొండపైకి పోయే కుర్చీలో నేను, అతను ఇద్దరమే. మొత్తం చెప్పాను. అతను గ్లౌజు విప్పి లోపలి నంబరు చూశాడు. ఆగస్టు ఇరవై ఐదు ఆ చుట్టుపక్కల ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా, నేరుగా మేట్టుపాళయం వస్తాడట. ముందు జిగురు గది గోడ చూస్తాడట. ఒకటి నుంచి పదకొండు దాకా బల్లల దగ్గర ఆ నంబర్ల మనుషులే ఉండాలట, లేకపోతే వచ్చే ఏడాది గ్లౌజులు వేరే దేశంలో కొంటాడట. ఈ సంగతి కంపెనీకి తెలిస్తే మన పని చెడుతుంది, జాగ్రత్త.

మరగతం


ఒర్లియంపేట
ఆగస్టు 22

మరగతానికి,

పొరపాటున కూడా పెదవులు కదపలేదు. రెండోది మాత్రం చదివాను. అబద్ధం చదవడం నాకు అలవాటు లేదు, అందుకని మొదటి వాక్యంలోనే రెండుసార్లు తడబడ్డాను. అది ఆవేశం అనుకున్నారు. 'దేవుడు మేలు చేశాడు' అన్న చోట, దేవుణ్ణి నమ్మని నాకు ఇంకా కష్టమైంది. ఆ మాట నా నోట విని అమ్మ లెంపలేసుకుంది. కేశవ్ మళ్ళీ చదవమనలేదు. కాఫీ తాగకుండానే లేచాడు.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం వెట్రివేల్ స్వయంగా మణియమ్మ ఇంటికి వచ్చాడట. సెలవు చాలు, పనిలోకి రండి అన్నాడట. సెలవు అన్న మాట చూడు. మర్నాడు పదకొండు మందీ ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. నిన్న గోడకు ఫ్యాను పెట్టారు. ఒకటి కాదు, రెండు. శివగామి వచ్చి చెప్పింది, ఆ గాలికి కొంగు నిలవడం లేదట.

ముప్పై ఏళ్ళుగా గోడల మీద నిజాలు రాశాను, ఒక ఇటుక కదల్లేదు. ఇంట్లో కూర్చుని ఒక్క అబద్ధం చదివితే కంపెనీ గోడకు రెండు కంతలు పడ్డాయి. దీని మీద నాకు చాలా చెప్పాలని ఉంది. ఇరవై ఎనిమిదిన లేబర్ ఆఫీసులో చెప్తాను. ఇన్ని రోజులు ఫ్యాను లేదన్న నిజం రికార్డుకెక్కాలి. మీ కంపెనీ అబద్ధాల చరిత్ర నాలుగు పేజీలు కాస్తా తొమ్మిదయింది. నీ సంతకం ఇప్పుడైనా పంపు.

నరేంద్రన్


విక్టోరియా కొండలు
ఆగస్టు 26

అన్నకు,

నిన్న తమిళరసి చెప్పింది. కంపెనీలో పొద్దున్నే వాకిట్లో ముగ్గేశారట, రోజాపూల దండ తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారట, వెట్రివేల్ సార్ కోటు వేసుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడట. గ్రెగ్ రాలేదు. ఇవాళ కూడా ముగ్గేశారు. చెప్పకుండా వచ్చేవాడు ఈరోజు రాలేదంటే రేపు వస్తాడనే అర్థం కదా. అతను రానన్ని రోజులూ ఫ్యాన్లు తిరుగుతాయి.

నీ కాగితం మీద సంతకం పెట్టను. వెట్రివేల్ సార్ కాగితం మీదా పెట్టను. ఆయనది అబద్ధం గనుక పెట్టను. నీది నిజమే, కానీ ఇరవై ఎనిమిదిన నువ్వు ఆ తొమ్మిది పేజీలు చదివితే, ఇన్నాళ్ళు లేని ఫ్యాను ఇప్పుడెందుకు పెట్టారని ఆఫీసరు అడుగుతాడు. అప్పుడు గ్రెగ్ పేరు బయటికొస్తుంది. గ్రెగ్ పేరు లేబర్ ఆఫీసు కాగితంలోకి ఎక్కితే, అతన్ని అడగడానికి కంపెనీకి దారి దొరికినట్టే. అడిగిన రోజున పదకొండు మంది మళ్ళీ గేటు బయట.

నీకు చెప్పేంతదాన్ని కాను. నువ్వే నేర్పావు, సమ్మెలో ముందు కూడు, తర్వాత పేరు అని. శివగామిని అడిగి చూడు.

మరగతం


ఒర్లియంపేట
ఆగస్టు 28

మరగతానికి,

శివగామిని అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలుసు గనుక. తొమ్మిది పేజీలూ సంచిలో పెట్టుకునే వెళ్ళాను.

పదకొండు మందీ వచ్చారు. వెట్రివేల్ కోటు తొడుక్కునే వచ్చాడు, గ్రెగ్ ఇక్కడికే వస్తాడేమోనని కాబోలు. ఆఫీసరు కంపెనీ కాగితం చదివాడు. జిగురు గదిలో ఫ్యాను మొదటి నుంచీ ఉంది, కార్మికులు సెలవు ముగించుకుని విధుల్లో చేరారు, ఉభయపక్షాలకూ వివాదం లేదు. మూడు వాక్యాలు, మూడూ అబద్ధాలే. చదివి, యూనియన్ తరఫున చెప్పేదేమైనా ఉందా అని నా వైపు చూశాడు.

లేచాను. సంచిలో చేయి పెట్టాను. వెనక నుంచి ఎవరో నా చొక్కా కొస పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే శివగామి.

'సాలన్నా, పోదుం' అంది. 'షిఫ్టుకు టైమైతాంది.'

ఏప్రిల్‌లో నేల మీద పడినప్పుడు ఆమె ముఖం నేను చూడలేదు. నువ్వు చూశావు. ఇప్పటి ముఖం నేను చూశాను. మంచి నిద్ర పోయిన మనిషి ముఖం.

'ఏమీ లేదు సార్' అన్నాను.

ఆఫీసరు నమ్మలేక మళ్ళీ అడిగాడు. పదేళ్ళుగా నన్ను ఎరిగినవాడు. ఏమీ లేదని మళ్ళీ చెప్పాను. కాగితం నా ముందుకు జరిపాడు. ఏ వాక్యం మీద సంతకం పెట్టొద్దని జూన్‌లో నీకు రాశానో, ఆ వాక్యం కిందే, యూనియన్ కార్యదర్శి అని ఉన్న చోట నా పేరు రాసి తేదీ వేశాను. నువ్వు పెట్టని సంతకం నేను పెట్టాను.

బయటికొచ్చేసరికి పదకొండు మందీ మేట్టుపాళయం టౌన్ బస్సులో కూర్చుని ఉన్నారు. శివగామి కిటికీలోంచి ఏదో అంది గాని బస్సు మోతలో వినబడలేదు. గెలిచినవాళ్ళు అలా వెళ్ళిపోతే, ఆఫీసు ఎదుటి కొట్లో ఒక్కణ్ణే నిలబడి టీ తాగాను.

నరేంద్రన్